మనం ఏ ఏరియా?

(నాటింగ్‌హామ్ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సినిమా కబుర్లతో మొదలుపెడుతున్నందుకు పెద్దలు ఏమీ అనుకోవద్దు. చివరికి రాజకీయాలకే వస్తాను.

కొత్త సినిమా విడుదలైతే మనం వసూళ్లు చూస్తాం. నైజాం ఇంత, సీడెడ్ ఇంత, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు. చివర్లో ఓవర్సీస్. ఈ పేర్లు ఎక్కడివి? నిజాం పాలన 1948లో పోయింది. తెలంగాణ రాష్ట్రం 2014లో వచ్చింది. సినిమా వ్యాపారానికి మాత్రం అది ఇంకా నైజామే. నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి వదిలేసిన జిల్లాలు కనుక సీడెడ్. ఆ పేరు మాకొద్దని 1928లోనే నంద్యాల సభలో రాయలసీమ అని పెట్టుకున్నారు. వందేళ్లు కావస్తోంది, పంపిణీదారుల లెక్కల్లో మారలేదు.

ఇందులో కుట్రేమీ లేదు. హక్కులు అమ్మడానికి హద్దులు కావాలి. ఒకసారి గీసిన గీత లెక్కలకు పనికొస్తుంటే ఎవరూ చెరపరు. ఏ, బీ, సీ సెంటర్లు, మాస్, క్లాస్, ఫ్యామిలీ అన్నవీ అంతే. టికెట్లు ఎక్కడ తెగుతాయో చెప్పడానికి పుట్టిన మాటలు. చిక్కల్లా ఏమిటంటే, 'ఇది మాస్‌కి ఎక్కదు' అని కథను పక్కన పెట్టేటప్పుడు ఆ మాస్‌ని ఎవరూ అడగరు.

ఇక మన సంగతి. డల్లాస్, దుబాయ్, నాటింగ్‌హామ్ అన్నీ కలిపి ఓవర్సీస్. గల్ఫ్‌లో కూలికెళ్లిన కరీంనగర్ మనిషి, ఇక్కడి డాక్టరు ఒకే గడిలో. బీబీసీ 2002లో ఏషియన్ నెట్‌వర్క్‌ను డిజిటల్ రేడియోలో దేశమంతటికీ తెచ్చింది. అక్కడ మనం ఏషియన్లం. 2017లో తెలుగు సర్వీసు కూడా పెట్టింది, కాని అది ముఖ్యంగా ఇండియాలోని వాళ్ల కోసం. ఒకే సంస్థకు మనవాళ్లు అక్కడ తెలుగువాళ్లు, ఇక్కడ ఏషియన్లు.

పార్టీలూ అలాగే మనకు ఎన్నారై అని ఒక గడి గీశాయి. చందాలకు గుర్తొస్తాం. 2010 చట్ట సవరణతో భారత పౌరులు ఇక్కడ ఉండి కూడా ఓటరుగా నమోదు కావచ్చు, కాని ఓటు వేయాలంటే స్వయంగా ఊరికి వెళ్లాలి. ఎంతమంది వెళ్లగలరు?

అయితే మనలో చాలామంది మరిచేది ఒకటుంది. కామన్వెల్త్ పౌరులుగా, సక్రమమైన వీసాతో ఇక్కడ ఉంటున్న మనకు, చేతిలో ఇండియా పాస్‌పోర్టే ఉన్నా, ఇక్కడి కౌన్సిల్‌కూ పార్లమెంటుకూ ఓటుంది. మన పిల్లల బడి, మన వీధి, మన వీసా నిబంధనలు తేలేది ఆ ఓట్లతోనే.

మనల్ని ఏ గడిలో వేయాలో వ్యాపారులు వాళ్ల అవసరాన్నిబట్టి వేసుకుంటారు. ఓటరు జాబితాలో పేరు మాత్రం మనమే రాయించుకోవాలి. ఇంకా నమోదు కానివాళ్లు టీకి లేచే ముందు చేయెత్తండి. ఇక్కడే ఫోన్లో చేసేద్దాం.

సెలవు.