ఉపచారవిద్య ఎవరికి తగును?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



ఇంటర్మీడియెటు పరీక్షాఫలితములు వెలువడిన నాటినుండి పల్లెలలో అనేక గృహములందు ఒక్కటే విచారము: పిల్లను ఏ చదువునకు పంపవలెను? అట్టి యిండ్లలో నేడు తఱచుగా వినవచ్చు పేరు నర్సింగు. పక్క వీధివారి అమ్మాయి ఆ చదువు చదివి నెలనెల ఇంటికి జీతము పంపుచున్నదని యొకరందురు. రాత్రి కొలువులు మన పిల్లకు తగవని మఱియొకరు అడ్డము చెప్పుదురు. మధ్యవర్తి యొకడు రంగుల కాగితము చేతనిడి, నేడే సొమ్ము కట్టనిచో రేపు సీటు దొరకదని త్వరపెట్టును. ఈ ముగ్గురి మాటల నడుమ, చదువబోవు పిల్ల మాట అడుగువారు అరుదు. పొలము తాకట్టుపెట్టి చేర్పించిన చదువు రెండవ యేట నిలిచిపోయినచో అప్పు తండ్రిది, కాలనష్టము బిడ్డది. తగని మనిషి చదువు పూర్తిచేసి కొలువున కుదిరినచో నష్టము మంచముమీది రోగిది. కావున చేరుటకు ముందే నెమ్మదిగా విచారింపవలెను.

ఈ విచారము మన పూర్వులు చేసియే యున్నారు. చరకసంహిత సూత్రస్థానమునందు, తొమ్మిదవ అధ్యాయమున, చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు, వెరసి పదునాఱు. పరిచారకునకు చెప్పిన నాలుగును ఇవి: ఉపచారజ్ఞానము, దక్షత, అనురాగము, శౌచము. వైద్యుడెంత ఘనుడైనను, మందెంత మేలైనదైనను, ఈ పాదము కుంటువడినచో చికిత్స నిలువదు. నర్సింగు బడి గడప త్రొక్కుటకు ముందు ఈ నాలుగింటితో తన్ను తాను తూచుకొనుట మేలు.

మొదటిది ఉపచారజ్ఞానము. దీనికి ముఖ్యముగా మూడు మార్గములు గలవు. ఏ.ఎన్.ఎం. రెండేండ్ల చదువు, పల్లెలలో గర్భిణులను, బాలింతలను, శిశువులను చూచుట, టీకాలు వేయుట మొదలగు పనుల కిది తగినది. జి.ఎన్.ఎం. మూడేండ్లు, ఆసుపత్రి పనికి ఉద్దేశించినది. బి.ఎస్‌సి. నర్సింగు నాలుగేండ్ల పట్టపు చదువు. మూడింటికిని ఇంటర్మీడియెటు పూర్తి కావలెను. 17 ఏండ్లు నిండవలెను. బి.ఎస్‌సి.కి భౌతిక, రసాయన, జీవశాస్త్రములు చదివి సాధారణముగా 45 శాతము మార్కులు పొందియుండవలెను. మొదటి రెండు మార్గములకు ఇతర శాఖలవారును అర్హులే. జి.ఎన్.ఎం. చదివినవారు పిదప రెండేండ్ల పోస్టు బేసిక్ చదువుతో బి.ఎస్‌సి. పట్టమును పొందవచ్చును. కావున చిన్న వాకిట ప్రవేశించినంతమాత్రమున పెద్ద వాకిలి మూసికొనిపోదు.

శరీరనిర్మాణము, సూక్ష్మజీవులు, ఔషధములు, మనస్తత్త్వము మొదలగు పాఠములు చాలవఱకు ఆంగ్లముననే సాగును. తెలుగు మాధ్యమమున చదివిన పిల్లకు మొదటి నెలలు కష్టముగానే యుండును. పట్టుదలగలవారు దానిని దాటుదురు. అయితే దినదినము పుస్తకము పట్టుట ఇష్టము లేనివారు, సేవకు చదువెందుకని తలచువారు, ఈ మార్గమున నిలువజాలరు.

రెండవది దక్షత. ఒక లీటరు సెలైను ఎనిమిది గంటలలో ఎక్కింపవలెనని వైద్యుడు వ్రాసెననుకొందము. ఆ గొట్టము మిల్లీలీటరునకు 20 చుక్కలు విడుచునదైనచో మొత్తము 20,000 చుక్కలు. ఎనిమిది గంటలనగా 480 నిమిషములు. నిమిషమునకు సుమారు 42 చుక్కలు పడవలెను. ఈ లెక్కను అర్ధరాత్రి దాటిన పిమ్మట రెండు గంటల వేళ, కన్నులపై నిద్ర వ్రాలుచుండగా, పక్క మంచమునుండి మఱియొక రోగి పిలుచుచుండగా చేయవలెను. చిట్టాలో తప్పిన లెక్కను మఱునాడు కొట్టివేసి సరిదిద్దవచ్చును. నరములోనికి పోయిన మందును వెనుకకు తీసికొనరాదు. నిలువుకాళ్లపై గంటల తరబడి పనిచేయగల దేహము, పండుగనాడును రాత్రివేళను కొలువునకు పోవు ఓర్పు, తొందరలోను తప్పని చేయి గలవా యని ఎవరికి వారు ప్రశ్నించుకొనవలెను.

మూడవది అనురాగము. ఇది ఏ పరీక్షలోను మార్కులతో తేలదు. రక్తము, వాంతి, మలమూత్రములు, పుండ్లు, మరణము, బంధువుల కోపము: ఇవన్నియు ఆ కొలువులో నిత్యము ఎదురగును. మొదటిసారి రక్తము చూచి తల తిరిగినంత మాత్రమున పిల్ల పనికిరాదని నిర్ణయింపరాదు. అభ్యాసమున అది పెక్కురకు పోవును. నిజమైన పరీక్ష ఇంటనే యున్నది. మంచముపట్టిన అవ్వకు నాలుగు దినములు ఆ పిల్లనే ఉపచారము చేయనిండు. పక్కబట్టలు మార్చుట, ఒడలు తుడుచుట, ఒరపుళ్లు పడకుండ రెండేసి గంటల కొకమాఱు ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుట ఆమె పనిగా నుండనిండు. నాలుగవనాడు ఒడలు అలసినను, అవ్వకు నిద్ర పట్టినదా యని ఆమె తానై అడిగినచో అది శుభలక్షణము. విసుగు పెరిగి పరుషవాక్యము వెలువడినచో అది నేరము కాదు. ఆమెకు వేఱొక విద్య తగునని మాత్రమే అర్థము. ఆపై ఊరి ఏ.ఎన్.ఎం.తోను, పట్టణపు ఆసుపత్రిలో పనిచేయు నర్సులతోను మాటలాడి, జీతముతోపాటు కష్టమును గూర్చియు అడుగవలెను.

నాలుగవది శౌచము. ఫ్లారెన్సు నైటింగేలు 1854లో 38 మంది స్త్రీలతో క్రిమియా యుద్ధ సైనికుల ఆసుపత్రికి పోయెను. అక్కడ గాయములకన్న రోగములవలననే ఎక్కువమంది మరణించుచుండిరి. పరిశుభ్రత యెంత ముఖ్యమో ఆమె అంకెలతో ప్రభుత్వమునకు నిరూపించి, 1860లో లండను నగరమున నర్సులకు శిక్షణాలయమును నెలకొల్పెను. శౌచమనగా చేతులు కడుగుకొనుట మాత్రమే కాదు. జ్వరము చూడకయే చూచినట్లు పుస్తకమున వ్రాయకుండుటయు శౌచమే. ఆ దొంగ అంకెను నమ్మి వైద్యుడు మందు వ్రాయును గదా!

పిల్లను తూచినట్లే బడిని గూడ తూచవలెను. భారత నర్సింగు మండలి 1947 నాటి శాసనముచే ఏర్పడినది. 2023లో పార్లమెంటు క్రొత్త శాసనమును చేసినది. బడికి గుర్తింపు కలదో లేదో, చదివిన పిమ్మట రాష్ట్ర మండలిలో పేరు నమోదగునో కాదో ముందుగా విచారింపవలెను. బి.ఎస్‌సి. యైనచో ఆంధ్రప్రదేశమున విజయవాడలోని డాక్టరు ఎన్.టి.ఆర్. విశ్వవిద్యాలయముతోను, తెలంగాణమున వరంగల్లులోని కాళోజీ నారాయణరావు విశ్వవిద్యాలయముతోను కళాశాలకు అనుబంధము కలదా యని చూడవలెను. శిక్షణకు ఏ ఆసుపత్రి కలదు? విద్యార్థి కొక్కరికి ముగ్గురు రోగులైనను లభింతురా? మంచములు ఖాళీగా నున్న ఆసుపత్రిలో ఈ విద్య అబ్బదు. హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులు వేయింతురా? జీతము, వసతి, భోజనము, దుస్తులు, పరీక్షరుసుము కలిపి మొత్తమెంతయో కాగితముపై వ్రాయించుకొనవలెను. అసలు ధ్రువపత్రములను తాకట్టు వస్తువులవలె అక్కడ విడిచి రారాదు. పెద్ద తరగతుల పిల్లలను, ఉపాధ్యాయులు దగ్గఱ లేని వేళ, పలుకరింపవలెను. విదేశమున కొలువు ఖాయమను మాట నమ్మి చేరరాదు. అచ్చటికి వేఱు అర్హతలు, పెక్కుచోట్ల భాషాపరీక్షయు కావలసియుండును.

తల్లిదండ్రులకు ఒక్కమాట. ధనికుల యింట పుట్టిన నైటింగేలు రోగిసేవకు పోదునన్నప్పుడు ఆమె కుటుంబమువారును తమ గౌరవమునకు కొఱతయని వారించిరి. ఆమె పట్టు విడువక 1851లో జర్మనీకి పోయి శిక్షణ పొందెను. నేటికిని మన ఊళ్లలో ఆ సంశయము చావలేదు. రోగము వచ్చిననాడు నర్సమ్మను తల్లీ యని పిలిచి, కోడలిగా చేసికొనుటకు సంకోచించుట న్యాయము కాదు. ఈ విద్య మగపిల్లలకును తగును. వారిని నవ్వులపాలు చేయుటయు తగదు.

అట్లే, ఇష్టములేని పిల్లను జీతము కొఱకు త్రోయుటయు తప్పు. ఆమెకు ఉపాధ్యాయవృత్తి, ఔషధశాస్త్రము, ప్రయోగశాల పని మొదలగు మార్గములు గలవు. కాదని చెప్పుటకు ఆమెకు స్వేచ్ఛయున్న యింటనే, ఔనన్న మాటకు విలువ. ఈ గ్రంథాలయమున నర్సింగు పాఠ్యగ్రంథము లొకటి రెండు తెప్పించి యుంచినచో, సొమ్ము కట్టుటకు ముందే పిల్లలు వానిని తిరుగవేసి తమ మనస్సును తెలిసికొందురు. ఆ పుటలు చదివి, అవ్వ పక్కను దిద్ది, అప్పటికిని పోదునన్న పిల్లను ఊరు ఆశీర్వదించి పంపవలెను.

స్వస్తి.