సంతకం పెడితే శిక్షణ అయిపోయినట్టేనా?

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో ఒక హాస్టల్ వార్డెన్ ప్రసంగ పాఠం)



నేను బీఈడీ చదివి హాస్టల్ వార్డెన్‌గా పనిచేస్తున్నాను. ఇన్నేళ్లలో ఎన్నో శిక్షణలకు వెళ్లాను. పొద్దున రిజిస్టర్‌లో సంతకం, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం గ్రూప్ ఫొటో. చివర్లో ఒక ఫారం ఇస్తారు. ‘చాలా బాగుంది’ దగ్గర టిక్కు పెట్టి బస్సు పట్టుకుంటాం. శిక్షణ పనికొచ్చిందో లేదో ఆ టిక్కు చెబుతుందా? ఇది చిన్న ప్రశ్న కాదు. ఎందుకో చెబుతాను.

ఆఫ్రికాలో రువాండా ఒక చిన్న దేశం. అక్కడ హుటూ, టుట్సీ అని గుర్తింపు కార్డు మీదే రాసి ఉండేది. 1993లో మొదలైన ఒక రేడియో టుట్సీలను బొద్దింకలని పిలిచింది. అక్కడి ఐక్యరాజ్యసమితి దళానికి కెనడా సైనికాధికారి రోమియో డల్లైర్ అధిపతి. ఆయుధాలు దాస్తున్నారని, టుట్సీల పేర్లు నమోదు చేస్తున్నారని తెలిసి 1994 జనవరి 11న న్యూయార్క్‌కు సందేశం పంపాడు. ఆ ఆయుధాలు పట్టుకుంటానన్నాడు. పైవాళ్లు వద్దన్నారు. ఏప్రిల్‌లో హత్యలు మొదలయ్యాయి. అప్పుడు కూడా సుమారు 2,500 మంది ఉన్న దళాన్ని 270కి తగ్గించాలని భద్రతా మండలి తీర్మానించింది. దాదాపు 100 రోజుల్లో సుమారు 8 లక్షల మంది చనిపోయారు.

చూడండి, కింద ఉన్న మనిషి ప్రమాదాన్ని గుర్తుపట్టాడు, రాసి పంపాడు. అందుకోవాల్సినవాళ్లు అందుకోలేదు. కాబట్టి శిక్షణ కింది ఉద్యోగికి మాత్రమే ఇస్తే సగం పనే.

ఆ తర్వాత దేశాలు కొంత నేర్చుకున్నాయి. ఐక్యరాజ్యసమితి 2014లో ఇలాంటి ముప్పును ముందే పసిగట్టడానికి 14 అంశాల పట్టిక ఇచ్చింది. ముప్పున్న దేశాలకు వెళ్లే దౌత్య ఉద్యోగులకు తొలి హెచ్చరికలు గుర్తించడంలో శిక్షణ ఇవ్వాలనే బిల్లును అమెరికా కాంగ్రెస్ 2018లో ఆమోదించింది, అది తర్వాత చట్టమైంది. నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడ్డ రచయిత ఎలీ వీజెల్ పేరు దానికి పెట్టారు.

శిక్షణ ఇవ్వడం సరే, దాన్ని కొలిచేదెలా? డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే అమెరికా ఆచార్యుడు 1959లోనే నాలుగు మెట్లు చెప్పాడు. నచ్చిందా? నేర్చుకున్నారా? పనిలో మార్పు వచ్చిందా? ఫలితం కనిపించిందా? మన టిక్కు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. నాలుగో మెట్టు ఇక్కడ చాలా కష్టం. జరగని హత్యను ఎవరు లెక్కపెట్టగలరు? అందుకే మూడో మెట్టును గట్టిగా పట్టుకోవాలి. శిక్షణ అయిన ఆరు నెలలకు అడగాలి: ఏం గమనించారు? ఎవరికి రాశారు? ఎన్ని రోజుల్లో జవాబు వచ్చింది? జవాబు రాకపోతే మళ్లీ రాశారా?

ఈ ప్రశ్నలు నన్ను నేను వేసుకుంటే ఫెయిలయ్యాను. పిల్లల రక్షణ మీద శిక్షణకు వెళ్లి వచ్చాను, టిక్కులన్నీ పెట్టాను. కొన్ని నెలలకు మా వంటమ్మ వచ్చి, “మేడమ్, ఆ గూడెం పిల్లల్ని మిగతావాళ్లు ఏదో పేరు పెట్టి పిలుస్తున్నారు, పక్కన కూర్చోనివ్వడం లేదు” అంది. “పిల్లలన్నాక అంతేలేమ్మా” అన్నాను. పండక్కి ఇంటికెళ్లిన ఒక పాప తిరిగి రాలేదు. నేనే ఆ గూడెం వెళ్లి, ఆ తల్లి ముందు కూర్చుని తప్పు ఒప్పుకున్నాను. పాప రెండు నెలల తర్వాత వచ్చింది. రువాండా, మా హాస్టల్ ఒకటని నేననడం లేదు. కానీ మనిషికి మనిషి పేరు తీసేసి ఇంకో పేరు పెట్టడం ఎక్కడైనా చెడ్డ సూచనే. ఏ శిక్షణా లేని వంటమ్మ దాన్ని గుర్తుపట్టింది. శిక్షణ పొందిన నేను తోసేశాను. ఆ రోజు న్యూయార్క్ ఆఫీసు నేనే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీలో రేపు కానిస్టేబుళ్లు, టీచర్లు, సచివాలయ ఉద్యోగులు అవుతారు. మన కోసం 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. అత్యాచారాలు జరగవచ్చని అనుమానం ఉన్న ప్రాంతాలను ముందే గుర్తించాలని 1995 నియమాల్లో మూడో నియమం చెబుతుంది. అంటే జరిగాక కేసు పెట్టడమే కాదు, జరగకముందే చూడడం కూడా అధికారుల పనే. మీ మండలంలో అలా ఏ ప్రాంతాలను గుర్తించారో సమాచార హక్కు కింద అడగండి. శిక్షణ జరిగిందంటే ఎంతమంది వచ్చారని కాదు, ఆ తర్వాత ఏం మారిందని అడగండి.

మీరు ఉద్యోగంలో చేరాక, మీ దగ్గరకూ ఒక వంటమ్మ వస్తుంది. ఆమె మాట కాగితం మీద పెట్టండి. పైకి పంపండి. జవాబు వచ్చేదాకా వదలకండి. మనం నేర్చుకున్నామో లేదో ఆ రోజే తేలుతుంది.

సెలవు. జై ఆదివాసీ!