పాళెము వెలుపల పద్నాలుగు దినములు

(డయాసిస్ శతాబ్ది సభలలో చేసిన ప్రసంగ పాఠము)



శతాబ్ది సభలలో మాటలాడమన్నప్పుడు మొదటి మిషనెరీలను గూర్చియో, ఎడ్లబండ్ల మీద ఊరూరు తిరిగిన ఉపదేశులను గూర్చియో చెప్పుట వాడుక. ఆ సంగతులు మాకంటె బాగుగా ఎరిగిన పెద్దలున్నారు. మాకు ఇచ్చిన అంశము “లాక్‌డౌను దినములలో సంఘము” అన్నది. నూరేండ్ల చరిత్రలో ఇది నిన్న మొన్నటి మాట. ఇందులో పాలుగలవారు అనేకులు ఈ పందిరి క్రిందనే కూర్చొనియున్నారు. అందుచేత కొంత జంకుతోనే మొదలుపెట్టుచున్నాము. జంకుకు మరొక కారణము కూడ ఉన్నది. అది ముందు ముందు మీకే తెలియును.

2020 మార్చి 22 ఆదివారమున జనతా కర్ఫ్యూ. మాకు ఊహ తెలిసిన తరువాత ఆదివారమునాడు గుడిగంట మ్రోగకపోవుట అదే మొదటిసారి. 24వ తేదీ రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రిగారు మాటలాడారు. అర్ధరాత్రి నుండి దేశమంతా మూత. 21 దినములన్నారు, ఏప్రిల్ 14 వరకన్నారు. తరువాత అది మే 3కు, 17కు, 31కి జరుగుచు పోయినది. బస్సులు లేవు, రైళ్ళు లేవు. ఈ ఆజ్ఞలకు ఆధారమైన చట్టములలో ఒకటి 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము. రెండవది 1897లో, బొంబాయి ప్లేగు దినములలో, తెల్లదొరలు చేసిన అంటువ్యాధుల చట్టము. అనగా అది మన డయాసిస్ కంటె వయస్సులో పెద్దది.

మేము గుడికి తాళము వేసి, తాళపుచెవి జేబులో వేసుకున్నాము. ఆ తాళపుచెవి సంగతి మీరు గుర్తుంచుకోవలెను. ఆరాధన ఫోనులోనికి మారినది. పట్టణ సంఘములవారికి వీడియోలు, కెమెరాలు ఉండవచ్చును. మా పాస్టరేటులో సగము ఇండ్లలో మీటల ఫోనులే. ఐదారు ఇండ్లవారిని ఒక వరుసలో కలిపి, ఒక అరగంట ప్రార్థన చేసి, మరల మరొక ఐదారు ఇండ్లు. అట్లు ఆదివారము ఉదయము ఆరు నుండి పదకొండు వరకు అదే వాక్యము, అదే దీవెన. ఒకసారి విజ్ఞాపన ప్రార్థన మధ్యలో ఒక మామ్మ కోడిని అదిలించి తిట్టిన తిట్టు ఐదు ఇండ్లలోను వినబడినది. ఆ రోజు కాస్త నవ్వుకున్నాము. ఆ దినములలో నవ్వు కూడ అరుదే గదా.

మార్చి 29న అట్టి ఫోను ప్రసంగములో మేము ఈయమ్ గ్రామము కథ చెప్పాము. ఇంగ్లండులో డెర్బీషైరులోని చిన్న ఊరు అది. 1665లో లండను నుండి వచ్చిన బట్టల మూటతో అక్కడికి ప్లేగు వచ్చినది. మరుసటి ఏడు ఆ ఊరి గురువు విలియం మాంపెసన్, ఆయనకు ముందు అక్కడ గురువుగా ఉన్న థామస్ స్టాన్లీ, జనులను ఒప్పించి ఎవరును ఊరు దాటకూడదని కట్టడి చేశారు. గుడి మూసి, బయట లోయలో ఎడముగా నిలువబడి ఆరాధించారు. మాంపెసన్ భార్య 1666 ఆగస్టులో ఆ తెగులుతోనే మరణించినది. “చూడండి, వారెట్లు కట్టుబడి ఉన్నారో! మనమును ఉందము” అని మేము గట్టిగా చెప్పాము. బాగుగా చెప్పామని కూడ అనుకున్నాము.

ఇక మా ఊరిని గూర్చి కొంచెము చెప్పవలెను. మా పాస్టరేటు హైదరాబాదు – విజయవాడ రహదారికి కొద్ది దూరములో, అప్పటి కృష్ణా జిల్లా, నేటి ఎన్.టి.ఆర్. జిల్లా, పడమటి కొసన ఉన్నది. మా ఆడపిల్లలను కోదాడకు, హుజూర్‌నగర్‌కు ఇస్తాము. అటునుండి కోడళ్ళను తెచ్చుకుంటాము. పిల్లలు చదువుకైనా, తాపీపనికైనా హైదరాబాదే. 2014 జూన్ 2న రాష్ట్రములు రెండైన తరువాత కూడ సరిహద్దు అనగా మాకు దారిప్రక్కన ఒక బోర్డు మాత్రమే. 2020 మార్చిలో ఆ బోర్డు దగ్గర గేటు పడినది.

ఆ నెల 25న ఏమి జరిగినదో మీలో చాలామంది టీవీలో చూశారు. హైదరాబాదులో హాస్టళ్ళు ఖాళీ చేయమన్నారు. పిల్లలు పోలీసుస్టేషనుల వద్ద వరుసలు కట్టి, వెళ్ళవచ్చునని కాగితములు తెచ్చుకొని, మోటారు సైకిళ్ళ మీద, కార్లలో బయలుదేరారు. గరికపాడు చెకుపోస్టు దగ్గర వేలమంది ఆగిపోయారు. అవతల పొమ్మని కాగితము, ఇవతల రావద్దని కఱ్ఱ. పద్నాలుగు దినములు క్వారంటైనులో ఉండుటకు ఒప్పుకొంటేనే రానిస్తామని మన రాష్ట్ర ప్రభుత్వము చెప్పినది. ఎవరిని తప్పుపట్టవలెనో మేము చెప్పలేము. ఆ వారములో ఏ ప్రభుత్వమునకును ఏమియు సరిగా తెలియదు. మా సంఘపు పిల్లలు ఇద్దరు ఆ రాత్రి ఆ రోడ్డు మీదనే కూర్చున్నారు.

ఆ తరువాత రెండు దినములకు మా ఊరి మొగలో తుమ్మకంప పడినది. ఒక ఎద్దుబండి అడ్డముగా, దానిమీద కంప, ప్రక్కన మనుష్యుల కాపలా. చాల ఊళ్ళలో అట్లే చేశారు. కాపలా వంతులలో మన విశ్వాసులు నలుగురున్నారు. వారిలో ఒకరు సంఘపెద్ద. ఆయన అనుమతితోనే ఈ సంగతి చెప్పుచున్నాము.

ఏప్రిల్ 4, మట్టల ఆదివారమునకు ముందురాత్రి, మా సంఘపు బిడ్డ ఒకడు, తాపీమేస్త్రీ, భార్యతోను ఇద్దరు పిల్లలతోను వచ్చాడు. హైదరాబాదులో పని ఆగినది, బియ్యము అయిపోయినవి. కొంత దూరము కూరగాయల లారీ, మిగిలినది నడక. చెకుపోస్టు తప్పించుకొని చేలగట్లమీద వచ్చినమాట నిజమే. చిన్నపిల్లకు మూడేండ్లు. కంప దగ్గర ఆపారు. సంఘపెద్దగారు మాకు ఫోను చేసి, “ఏమి చేయమంటారు అయ్యగారూ?” అని అడిగారు. మేము “రూలు ఎట్లున్నదో అట్లే చేయండి” అన్నాము.

రూలు ఎట్లున్నదో మాకు తెలియదు. ఆయనకును తెలియదు. ఆ మాట చెప్పి మేము పడుకున్నాము.

ఆ నలుగురిని ఊరవతల చేలో మోటారు షెడ్డుకు పంపారు. ఇనుప రేకుల కప్పు, తలుపు లేదు. మరునాడు ఆదివారము రాత్రి తొమ్మిది గంటలకు తొమ్మిది నిముషములు దీపములు పెట్టమని ప్రధానమంత్రిగారు చెప్పియుండిరి. మేము మేడమీదికి ఎక్కి క్రొవ్వొత్తి వెలిగించాము. ఊరంతా దీపములే. చేలవైపు చీకటిలో సెల్‌ఫోను వెలుగు ఒకటి కనబడినది. మా ఇంట్లోవారు “అది వాళ్ళదేనేమో” అన్నారు. మేము పలుకలేదు.

అతని తల్లి, గుడిలో ఎప్పుడును ముందు చాపమీద కూర్చుండే మామ్మ, రెండు పూటల గంజి, పచ్చడి తెచ్చి కంప దగ్గర పెట్టి వెనుకకు జరిగేది. అతడు వచ్చి తీసికొనిపోయేవాడు. బుధవారమునాడు ఆమె మా గుమ్మము దగ్గరికి వచ్చి, దూరముగానే నిలబడి అడిగినది: “మావోడు దొంగా అయ్యగారూ, కంప అవతల కూకోటానికి?”

అప్పుడు మేము ఆశా కార్యకర్తను పిలిచి అడిగాము. ఆమె చెప్పినది ఇది. బయటినుండి వచ్చినవారి పేర్లు సచివాలయములో వ్రాయించవలెను. వారు పద్నాలుగు దినములు ఇంటిలో వేరుగా గాని, అధికారులు చూపిన చోటగాని ఉండవలెను. ఎవరైన దినమును చూచి జ్వరము కనుక్కోవలెను. అంతే. ఊరిలోనికి రానీయవద్దని అందులో ఎక్కడను లేదు. రూలు ఆ బిడ్డలను వేరుగా ఉంచమన్నది, బయట పడవేయమనలేదు. అక్షరాల ఆ రూలు ప్రకారమే చేయుటకు తగిన చోటు మన గుడి ఆవరణలోనే ఉన్నది. సండేస్కూలు గది, ఫ్యాను, నీళ్ళు, మరుగుదొడ్డి, అన్నియు ఉన్నవి. తాళపుచెవి నాలుగు దినములనుండి మా జేబులో ఉన్నది.

వేదాంత కళాశాలలో సంఖ్యాకాండము చదివినప్పుడు పండ్రెండవ అధ్యాయమును మేము మోషే నాయకత్వమును గూర్చిన పాఠముగానే చదివాము. మిర్యాముకు కుష్ఠు కలిగినది. ఏడు దినములు పాళెము వెలుపల ఉండవలెనని ఆజ్ఞ అయినది. (అహరోను కూడ ఆమెతో కలిసి మాటలాడెను గదా, ఆయనకు ఏ శిక్షయు ఎందుకు లేదని స్త్రీల మైత్రివారు మమ్మును చాలసార్లు అడిగారు. మేము ఇంతవరకు సరియైన జవాబు చెప్పలేకపోయాము.) ఆ అధ్యాయము చివర ఒక చిన్న మాట ఉన్నది. ఆమెను తిరిగి లోనికి చేర్చుకొనువరకు జనులు ప్రయాణము సాగించలేదట. అంతమంది జనము, మందలు, డేరాలు, ఒక్క మనిషి కొరకు ఏడు దినములు ఆగిపోయినవి. వేరుగా ఉంచుట ఆజ్ఞ. కాచుకొనియుండుట కూడ ఆ కథలోనిదే. మేము మొదటి సగము మాత్రము పట్టుకున్నాము.

ఈయమ్ కథలోను అంతే. ఆ ఊరి హద్దు రాతికి చిన్న గుంటలుండెను. ఊరివారు వాటిలో వెనిగరు పోసి నాణెములు వేసేవారు. పొరుగు ఊళ్ళవారు రొట్టె, సరుకులు అక్కడ పెట్టి పోయేవారు. ఇది మాకు తెలిసిన సంగతే. మార్చి 29న ఫోనులో దానిని చెప్పలేదు, చెప్పవలెనని తోచలేదు.

ఇంకొక మాట అనక తప్పదు. మన తాతలు ఎక్కడ కాపురమున్నారు? ఊరవతల. వారి నీడ పడకూడదన్నారు, బావిలో చేద వేయకూడదన్నారు. నూరేండ్ల క్రిందట ఉపదేశులు ఆ ఊరవతలికే నడిచి వచ్చారు గనుక నేడు ఈ సభ జరుగుచున్నది. అట్టివారి మనుమలము మనము తుమ్మకంప కొట్టి తెచ్చి మన బిడ్డకే అడ్డము వేశాము. కాపలా ఉన్న నలుగురిదే ఆ తప్పని మేము అనము. వారు నిద్ర మానుకొని నిలబడ్డారు. భయము అందరిది. ఆ భయమునకు రూలు అని పేరు పెట్టి ఇచ్చినవారము మేము.

బుధవారము సాయంత్రము మేము షెడ్డు దగ్గరికి వెళ్ళి, పది బారల దూరములో నిలబడి, క్షమించమని అడిగాము. గది తెరుస్తాము రమ్మన్నాము. అతని భార్య, “ఇప్పుడెందుకు లెండి అయ్యగారూ, ఇక్కడే అలవాటైపోయింది” అన్నది. కోపముగా అనలేదు. కోపముగా అన్నట్లయితే మాకు కొంత తేలికగా ఉండెడిది. అటుపిమ్మట ఇండ్లవారు వంతులు వేసికొని భోజనము పంపారు, ఆశా కార్యకర్త దినమును వెళ్ళి చూచినది, ఎవరో తలుపునకు టార్పాలిన్ కట్టారు. ఈస్టరు వారు అక్కడనే గడిపారు. 18వ తేదీన ఊరిలోనికి వచ్చారు. నలుగురిలో ఎవరికిని జ్వరమైన రాలేదు.

మా ఊరికి ఆ వ్యాధి జులైలో వచ్చినది. ఈ-పాసు తీసికొని కారులో వచ్చిన ఒక గౌరవనీయుని వెంట వచ్చినది. ఆయనకు ఎవరును కంప వేయలేదు.

జూన్ 8 నుండి ఆరాధన స్థలములు తెరువవచ్చునన్నారు. 65 ఏండ్లు దాటినవారు, పదేండ్లలోపు పిల్లలు, గర్భిణులు ఇంటివద్దనే ఉండుట మేలు, గాయకబృందము పాడరాదు, గ్రంథములు ముట్టరాదు అన్నారు. పల్లెటూరి గుడిలో ముసలివారిని, పిల్లలను తీసివేస్తే మిగిలేది మేమును, గంట కొట్టే ఆయనయు. అయినను అట్లే జరిపాము. అవి అర్థముగల రూళ్ళు. వాటిమీద మాకు ఏ ఫిర్యాదును లేదు.

అన్ని రూళ్ళును అట్టివి కావు. 2021 మే నెలలో కర్నూలు దాటిన తరువాత పుల్లూరు టోలుగేటు వద్ద మన రాష్ట్రపు ఆంబులెన్సులను, లోపల రోగులుండగానే, ఆపివేశారు. ఆ నెల 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసినది. కట్టుబడుటకు ముందు కాగితము చదువవలెననియు, చదివిన తరువాత అడుగవలసినది అడుగవలెననియు మేము ఆ రెండేండ్లలోనే నేర్చుకున్నాము.

ఆ మే నెల చివరి వారములోనే మామ్మ పక్షవాతముతో చనిపోయినది. పరీక్షలో కరోనా లేదని వచ్చినది గనుక ఇంటివద్దనే ఉంచాము. కుమారుడు మరల హైదరాబాదులో పనిమీద ఉన్నాడు. అక్కడ లాక్‌డౌను, ఉదయము ఆరు నుండి పది వరకే సడలింపు. ఇక్కడ మధ్యాహ్నము పన్నెండు నుండి కర్ఫ్యూ. సరిహద్దు దాటుటకు ఈ-పాసు కావలెను. తెల్లవారగానే సమాధి చేయుదమని ఊరిలో కొందరన్నారు. ఒకనాడు కంప దగ్గర నిలబడిన సంఘపెద్దగారే లేచి, “వాడు వచ్చేదాకా తియ్యొద్దండి” అన్నారు. ఐసుపెట్టె అద్దె ఆయనే కట్టారు. మరణ ధృవపత్రము కొరకు ఆయనే తిరిగారు. పాసు మరునాటి రాత్రికి వచ్చినది. ఆ తెల్లవారి ఆయన మోటారు సైకిలు మీద గరికపాడు వెళ్ళి, పది గంటలకు అతనిని వెంటబెట్టుకొని వచ్చారు.

సమాధి కార్యక్రమమునకు ఇరవైమందికి మించరాదు. పట్టిక మేమే వ్రాశాము. గొయ్యి త్రవ్వినవారు నలుగురు, కుమారుని కుటుంబము నలుగురు, కుమార్తెలు, అల్లుళ్ళు, మనుమలు, మేము, అట్లు లెక్కించుచు రాగా సంఘపెద్దగారు ఇరవై ఒకటవవారైనారు. మేము ఇంకొకరి పేరు కొట్టివేయబోతే ఆయన కలము పట్టుకొని వద్దన్నారు. పన్నెండు కాకముందే ప్రార్థన ముగించి మట్టి వేశాము. ఆయన సమాధులదొడ్డి గోడ బయట, తుమ్మచెట్టు క్రింద, టోపీ చేతిలో పట్టుకొని, మేమందరము వెలుపలికి వచ్చువరకు నిలబడియే ఉన్నారు.