చలినీటిలో చేపలవేట



ముప్పదియైదు సంవత్సరములు పిల్లలకు అమరకోశమును, వ్యాకరణమును పాఠము చెప్పిన పంతులు చేపలవేటను గూర్చి ప్రసంగించుట యేమని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నేను గాలము పట్టి యెఱుగను. చేపను తిని యెఱుగను. కాని గడచిన శీతకాలమున అమెరికాదేశమందు మా కుమారుని యింట మూడు మాసములుండి వచ్చితిని. అచ్చట మా మనుమనికి ఈ వేటయందు మక్కువ మెండు. వాడు నీటిమీద నుండగా నేను గట్టున కూర్చుండి చూచితిని. చూచినదానిలో మీకు చెప్పితీరవలసిన సంగతి యొకటి కలదు. మన మనుమలు, మనుమరాండ్రు అనేకులు నేడు ఆ దేశములందే యున్నారు గదా!

టెక్సాసు రాష్ట్రమందు డల్లాసు నగరమున మన తెలుగువారు వేలకొలది కాపురమున్నారు. ఆ నగరమునకు తూర్పున లేక్ ఫోర్క్ అను సరస్సు కలదు. అది దైవనిర్మితము కాదు. ఏటికి అడ్డకట్ట వేసి 1980వ సంవత్సరమున నీరు నిలుపనారంభించిన జలాశయము. దాని విస్తీర్ణము సుమారు 27,000 ఎకరములు. నీట మునిగిన వృక్షములు అనేకము నేటికిని మోడులై నిలిచియున్నవి. ఆ మోడుల నీడలలో బాస్ అను చేపలు పెరుగుచున్నవి.

మన కొల్లేటి ప్రాంతపు పండుగప్పను గూడ ఆంగ్లేయభాషలో సముద్రపు బాస్ అందురు. అది వేఱు, ఇది వేఱు. ఇది పచ్చనివన్నె గల మంచినీటి చేప. ప్రక్కలను తలనుండి తోకవఱకు నల్లని చాఱ యుండును. నోరు మిక్కిలి పెద్దది; పై దవడ కంటిని దాటి వెనుకకు పోవును. మన కొఱమీనువలె పొంచియుండి, చిన్నచేప దగ్గఱకు రాగానే దుమికి మ్రింగును.

మనకు వెలుపల చలియైనను వేడియైనను దేహములోని వేడి మాఱదు. చేప యట్లు కాదు. నీరెంత చల్లనో దాని దేహమును ఇంచుమించు అంతే చల్లన. చలికాలమున దాని జీర్ణశక్తి మందగించును. ఒకసారి తిన్న ఆహారము అరుగుటకు దినములు పట్టును. కావున ఆకలి తక్కువ, కదలిక తక్కువ. ఒడ్డుననుండు పలుచని నీరు రాత్రి చలికి త్వరగా చల్లబడును. లోతునీటి చల్లదనము అంత త్వరగా మాఱదు. అందుచేత చేపలు చాలవఱకు లోతునకు దిగి, మోడుల మొదళ్లయొద్ద గుంపుగూడి యుండును. రెండుమూడు దినములు వరుసగా ఎండ కాసినచో, మధ్యాహ్నవేళ కొన్ని రాతిగట్టుల దాపునకు వచ్చును.

ఆ సరస్సులలో షాడ్ అను చిన్నచేపలు కలవు. నీరు మిక్కిలి చల్లబడినప్పుడు అవి ఓర్వలేక, ఒక కుదుపు కుదిపి, కొంతసేపు నిశ్చలముగా తేలి, మరల కొంచెము కదలి చనిపోవుచుండును. బాస్‌కు అదియే శ్రమలేని భోజనము. దీని నెఱిగిన వేటకాడు కొయ్యతోనో ప్లాస్టిక్కుతోనో చేసిన బొమ్మచేపను గాలమునకు కట్టి, ఒకమాఱు కుదిపి, ఊరకుండును. ఇరువది లెక్కపెట్టును, ముప్పది లెక్కపెట్టును, మరల ఒకమాఱు కుదుపును. ఎండకాలమున పరుగెత్తించు ఎఱను చలికాలమున నత్తనడక నడిపింపవలెను. నిదానమే ప్రధానమని మనము పిల్లలకు చెప్పు మాటను ఆ చేప మా మనుమనికి నేర్పినది.

చలిలో చేప దొరకదనుకొనరాదు. టెక్సాసు రాష్ట్రమున నేటివఱకు గాలమునకు చిక్కిన బాస్‌లన్నిటిలో పెద్దది, 18.18 పౌనులది, ఈ లేక్ ఫోర్క్‌లోనే 1992 జనవరి 24వ తేదీన దొరకినది. పట్టినవాడు బారీ సెయింట్ క్లేర్. చిత్రమేమనగా, ఆయన ఆనాడు వేఱొక చిన్నజాతి చేపకై ఎఱవేసి కూర్చుండెనట!

ఇక పడవ సంగతి. దీనికి కయాక్ అని పేరు. ఒక్కడు కూర్చుండుటకు మాత్రము చోటు గల సన్నని దోనె. గ్రీన్లాండు మొదలగు మంచుసీమలలో నివసించు ఇన్యూయిట్ జాతివారు దీనిని కల్పించిరి. అచ్చట మ్రాకులు లేవు. సముద్రము కొట్టుకొని తెచ్చిన కొయ్యలతోను, ఎముకలతోను చట్రము కట్టి, సీలు అను జలజంతువు చర్మమును దానిపై కుట్టి బిగించిరి. దర్జీ చొక్కాకు కొలత తీసినట్లు, వేటకాని దేహము కొలతకు పడవను చేసిరి. పడవతోపాటు తుయిలిక్ అను చర్మపు అంగీని గూడ చేసిరి. దానిని ముఖముచుట్టును, మణికట్లయొద్దను బిగించి, క్రిందియంచును పడవలో కూర్చుండు రంధ్రమునకు కట్టుకొందురు. పడవ బోర్లపడినను నీరు లోపలికి చొరదు. తెడ్డుతో ఒక విసరు విసరి మరల పైకి లేతురు. ఆ జనులకు పడవయు అంగీయు రెండు వస్తువులు కావు, ఒక్కటియే.

నేడు అంగళ్లలో అమ్ము కయాకులు ప్లాస్టిక్కుతో పోతపోసినవి. కొన్నిటిని కాళ్లతో త్రొక్కి నడపవచ్చును. చేపల జాడ చూపు యంత్రమును అమర్చుకొనవచ్చును. అన్నియు కలవు. కాని మనము వారి పడవను తెచ్చుకొని, వారి అంగీని విడిచిపెట్టితిమి. నేటి నా ప్రసంగమున కంతకును సారమిదియే.

జనవరిమాసమున ఒకనాటి యుదయమున మా మనుమడు నూలుబట్టలు కట్టుకొని, నీట తేల్చు లైఫ్ జాకెట్టును ఆసనము వెనుక త్రాటితో కట్టి బయలుదేఱెను. పదుమూడేండ్లకు లోబడిన పిల్లలు దానిని తొడిగికొని తీరవలెననియు, పెద్దలకు పడవలో ఉన్న చాలుననియు ఆ రాష్ట్రపు చట్టము. ఆ దినము నీటి వేడి 48 డిగ్రీలని యంత్రము చూపినది. అనగా మన సెంటిగ్రేడు లెక్కలో సుమారు 9. చేప చిక్కినది. దానిని అందుకొనుటకు వాడు ప్రక్కకు వంగెను, పడవ తిరుగబడెను. గట్టునకు ముప్పది గజములు కూడ లేదు. వాడు కృష్ణకాలువలో ఈత నేర్చినవాడు. అయినను తెఱచిన నోరు తెఱచినట్లే యుండెను, కేక రాలేదు. జాకెట్టు కట్లు విప్పబోగా వ్రేళ్లు కొయ్యబాఱినవి. దైవవశమున మఱియొక వేటకాడు దాపుననే యుండి వానిని పట్టి ఒడ్డు చేర్చెను. "తాతయ్యా! అరవవలెనని యుండెను, ఊపిరి నా చేతిలో లేదు" అని వాడు వణకుచు చెప్పిన మాట నాకు నేటికిని వినబడుచున్నది.

తప్పు వానిది మాత్రమే కాదు. వాడు బయలుదేఱునప్పుడు "ఫలహారము చేసితివా, నాయనా?" అని అడిగితిని. "ఆ జాకెట్టు తొడిగికొంటివా?" అని అడుగలేదు. అడుగవలెనని నాకు తోపలేదు. నీరు నీరే యనుకొంటిని.

నీరన్నిచోట్ల ఒక్కటి కాదు. నిశ్చలమైన గాలికంటె నీరు ఇంచుమించు ఇరువదియైదు రెట్లు త్వరగా దేహపు వేడిని లాగివేయును. కెనడాదేశమున మానిటోబా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ మంచునీటి విషయమున ఒక లెక్క చెప్పెను: ఒక నిమిషము, పది నిమిషములు, ఒక గంట. మొదటి నిమిషమున ఊపిరి అదుపు తప్పును. ఆ సమయమున తల నీటిలో నున్నచో మునుగుట యప్పుడే. తరువాత పది నిమిషములు మాత్రమే కాలుచేతులు చెప్పినట్లు వినును. స్పృహ తప్పుటకు సుమారు గంట పట్టును. మనుష్యుడు చలిచే చచ్చుననుకొందుము. పెక్కురు చలి చంపకమునుపే మునిగి చచ్చెదరు. మొదటి నిమిషమున ఈతనేర్పు అక్కఱకు రాదు. తలను పైకి నిలుపునది ఒంటిమీద నున్న జాకెట్టు మాత్రమే.

గడ్డకట్టిన నీరును నమ్మదగినది కాదు. 2022 డిసెంబరు 26వ తేదీన ఆరిజోనా రాష్ట్రమున వుడ్స్ కాన్యన్ సరస్సుపై మంచుపొర విఱిగి మన తెలుగువారు ముగ్గురు మరణించిరి. వారు వేటకు పోయినవారు కారు. పండుగ సెలవులలో వినోదమునకు పోయినవారు. ఆ వార్త విని మన గ్రామములు ఏడ్చినవి.

కావున వృద్ధులారా! మన పిల్లలతో మాటలాడునప్పుడు చలికాలమున ఈ నాలుగు మాటలు చెప్పుడు. జాకెట్టు పడవలో కాదు, ఒంటిమీద నుండవలెను. నీరు చొరని దుస్తులు ధరింపవలెను. గాలి వెచ్చగా నున్నదని మోసపోరాదు. ఒంటరిగా పోరాదు, ఒడ్డు విడిచి దూరము పోరాదు. పడినయెడల తొందరపడి ఈదక, మొదట ఊపిరి కుదుటపఱచుకొని, పడవను పట్టుకొని పైకి ఎక్కవలెను. బయటికి తీసినవానికి తడిబట్టలు విప్పి పొడికంబళ్లు కప్పవలెను. మన యలవాటు చొప్పున కాలుసేతులు రుద్దరాదు, మద్యము పోయరాదు.

మా మనుమడు నేటికిని వేటకు పోవుచున్నాడు, నేను వలదనలేదు. ఇప్పుడు పోవునప్పుడెల్ల గట్టున నిలిచి తన ఛాయాచిత్రము నాకు పంపును. చేపను చూపుటకు కాదు, జాకెట్టును చూపుటకు. అది చూచిన పిమ్మటనే నేను సంధ్యకు కూర్చుండుచున్నాను.

మీ మనుమలను గూడ అడుగుడు. సెలవు.