దమ్ము అని ఊరుకోవద్దు



షోలాపూర్‌లో మనవాళ్లు తరాలుగా నూలు మీద, మగ్గం మీద బతుకుతున్నారు. దగ్గు వినపడని ఇల్లు మనలో అరుదు. అడిగితే వయసంటాం, బీడీ అంటాం, గ్రహచారం అంటాం. డ్యూటీ దిగగానే బెల్లంముక్క నోట్లో వేసుకుంటాం. బెల్లం గొంతుకు హాయి, కాదనం. ఊపిరితిత్తుల్లోకి పోయిన దూదిపొడిని మాత్రం అది తీయలేదు.

ఈ జబ్బుకొక గుర్తుంది. సెలవు తర్వాత పనిలోకి దిగిన రోజే ఛాతీ పట్టేస్తుంది, ఊపిరాడదు. వారం నడిచేకొద్దీ తేలికవుతుంది. సెలవునాడు తాగిన ఫలితమని జాబరు ఎగతాళి చేస్తాడు. తాగని ఆడవాళ్లకెందుకొస్తుందో చెప్పడు! ఏళ్లు గడిస్తే వారమంతా ఉండిపోతుంది, అప్పుడిక ఊపిరితిత్తులు మునుపటిలా కావు. దీని పేరు బిస్సినోసిస్. బ్లోరూము, కార్డింగు ఖాతాల్లో ఎక్కువ.

దవాఖానలో మనం 'దమ్ము' అంటాం. మరాఠీ డాక్టరు 'దమా' అని విని ఉబ్బసమని రాస్తాడు. ఉబ్బసానికి మందులొస్తాయి, పరిహారం రాదు. బిస్సినోసిస్ వృత్తివ్యాధి. 1948 నాటి ఇ.ఎస్.ఐ., ఫ్యాక్టరీ చట్టాల షెడ్యూళ్లలో చేరింది, 2020 లేబర్ కోడ్‌లలోనూ ఉంది. (కార్డే లేని పవర్‌లూమ్ కార్మికుల సంగతి వేరే మీటింగులో మాట్లాడుకుందాం.)

కనుక ఏ ఖాతాలో ఎన్నేళ్లు చేశారో, ఏ రోజు ఎక్కువవుతుందో డాక్టరుకు చెప్పండి, కాగితం మీద రాయించండి. సెలవు మర్నాడు డ్యూటీకి ముందొకసారి, తర్వాతొకసారి ఊదే పరీక్ష అడగండి. మరాఠీ రానివాళ్లకు తోడుగా యూనియన్ మనిషిని పంపుతాం.