ప్రవక్తయు, కానుకయు



గౌతమీ వసిష్ఠల నడుమ నున్న మన కోనసీమలో, అమలాపురము మొదలు రాజోలు, కొత్తపేటల వఱకు, గుడిగంటయు చర్చిగంటయు కలసియే వినబడును. ఈ డెల్టాకు క్రైస్తవము క్రొత్త గాదు. 1836లో ఆంగ్లదేశమునుండి వచ్చిన విలియం బౌడెను, జార్జి బీరు అను నిరువురు, గోదావరి డెల్టా మిషనుగా పేరొందిన సేవకు నరసాపుర ప్రాంతమున పునాది వైచిరి. ఒకరిది రాతిపని, మఱియొకరిది చెప్పులు కుట్టుపని. నియతమైన జీతము లేకయే వారీ గడ్డపై సేవ చేసిరి.

నేడు మఱియొక తెఱగు సేవ బయలుదేఱినది. టెలివిజనులోను, చేతి ఫోనులోను కొందఱు తాము ప్రవక్తలమని చెప్పుకొని, “నీ రోగము పోవును, నీ బిడ్డకు గల్ఫు వీసా వచ్చును” అని పలుకుచున్నారు. పిమ్మట ‘విత్తన కానుక’ వేయుమందురు. అభిషేక తైలపు సీసా కొనుమందురు. పలుకు ఫలింపనిచో, “నీ విశ్వాసము చాలలేదు” అందురు. ఫలించిన కీర్తి ప్రవక్తది. ఫలింపకున్న దోషము విశ్వాసిది. కానుక మాత్ర మెట్లయినను ప్రవక్త సంచిలోనే!

క్రైస్తవ గ్రంథమే దీని నొప్పుకొనదు. దేవుని పేర పలికినది జరుగనియెడల తప్పు పలికినవానిదే యని ద్వితీయోపదేశకాండము పదునెనిమిదవ అధ్యాయము తీర్మానించినది. నయమాను కుష్ఠము మాన్పిన ఎలీషా కానుకను ముట్టలేదు. ఆశపడి వెంట పరుగెత్తి పుచ్చుకొనిన సేవకుడు గేహజీకి ఆ కుష్ఠమే సంక్రమించినది. తొలినాటి సంఘముల ఉపదేశ గ్రంథమగు ‘దిదాఖే’ వ్రాతప్రతి 1873లో కాన్‌స్టాంటినోపులునందు దొరకినది. ఆత్మావేశమున “నాకు డబ్బిమ్ము” అనువాని మాట వినరాదనియు, లేనివారికొఱకు అడిగినచో తప్పు పట్టరాదనియు అందు గలదు.

సైకిలుపై తిరిగి రోగి ప్రక్కన కూర్చుండు పేద బోధకులు మన గ్రామములలో ననేకులు. వారిని నే ననుటలేదు. సోదె చెప్పియు, తాయెత్తు గట్టియు డబ్బు గుంజువారు తక్కిన మతములలోను గలరు. కావున నెవరును నవ్వవలదు.

మంత్రమహిమచే వ్యాధులు కుదుర్తుమను ప్రకటనలను 1954 నాటి కేంద్ర చట్టము పెక్కు రోగముల విషయమున నిషేధించినది. అయినను చట్టము ప్రతి గడపకును రాజాలదు. పెద్దలగు మీరు పోగలరు. ప్రార్థన మానుమని చెప్పవలదు; మందు మానవలదని చెప్పుడు. కానుకకు లెక్క యడుగుడు. పుస్తెలు కుదువబెట్టి కానుక తెత్తునను తల్లిని ఒక్క దినము ఆగుమనుడు. నిజమైన దైవవాక్కు ఒక్క దినములో చెడిపోదు.