ముదిమిలో పని కొలత

క్రైస్తవ సంఘపు పెద్ద ముదిమి వచ్చిన పిమ్మట తన పనిని దేనితో కొలుచుకొనవలెను? కట్టించిన గుడులతోనా? బాప్తిస్మముల పట్టీతోనా? నంద్యాలవారికిని, ముత్యాలపాటి పాత మిషను నెరిగిన ఆళ్లగడ్డవారికిని ఈ ప్రశ్న క్రొత్తది కాదు.

వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన తొలి భారతీయులు వారే. తమిళదేశమున పుట్టియు తెలుగు నేర్చి, దోర్నకల్లున నుండి మన నంద్యాల సంఘములను సయితము పాలించిరి. దక్షిణదేశపు సంఘములు ఏకము కావలెనని 1919లో తరంగంబాడిలో తలపెట్టినవారిలో వారొకరు. ఇరువదియైదేండ్లు దానికై పాటుపడి, డెబ్బదియేండ్ల ప్రాయమున, 1945 జనవరి 1న పరమపదించిరి. ఐక్యత 1947 సెప్టెంబరు 27న సిద్ధించెను.

సిద్ధించిననాడు జరిగినదేమి? వారు పాలించిన నంద్యాల ప్రాంతమువారే పెక్కుమంది పూర్వపు ఆంగ్లికను సంబంధమును విడువనొల్లక వెలుపల నిలిచిరి! 1975లోగాని వచ్చి కలియలేదు.

1945లో లెక్క చూచినవానికి ఆ వృద్ధుడు ఓడినట్లే తోచును. 1947లో సగము గెలుపు. ఏ యేటి లెక్క నమ్ముదుము? నా మట్టుకు ఏదియు చాలదు. పల్లె ఉపదేశకులను తీర్చుటయు, దేశీయ గురువులకు సంఘముల నప్పగించుటయు వారి నిత్యకృత్యము. వారు పోయిన పిమ్మట ఆదివారపు గంట ఆగలేదు. వారి మాట కాదన్నవారి యూళ్లలోను ఆగలేదు. తన చేతిక్రింద పెరిగినవారే కాదన్నచో పెద్దకు నొప్పి కలుగును, నిజమే. అయినను వారు గంట మ్రోగించుచునే యుండిరి గదా!

మీ యూరి గుడి తాళపుచెవి నేడెవరి మొలను వ్రేలాడుచున్నది?